నెలాఖరు బేరం

నెలాఖరు వచ్చిందంటే
గోదావరిఖనిల నా కాళ్లు ఇంట్ల నిలవయి.
బాయి పని ఒడిసినోళ్లు
మెడల దండలతోటి ఇంటికొస్తరు,
ఆ పూలు వాడినంక కొద్దిరోజులకే
కంపెనీకి క్వార్టర్ అప్పజెప్పాలె.
ముప్పై ఏండ్ల సంసారం
రెండు అర్రలల్లకెల్లి వాకిట్లకు నడిచొస్తది.
మంచం, మిక్సీ, చాట, గోడగడియారం,
ఒక్క పెడలే ఉన్న పిల్లల సైకిలు
ఎండల నిలబడి
వచ్చేటోళ్ల మొఖాలు చూస్తుంటయి.

నేను ఉత్తగ పోను.
కొంగు ముడిల అయస్కాంతం ముక్క,
సంచిల రెండు సీసల నీళ్లు.
బకెట్ల పోసి వంద లెక్కవెడ్త,
అడుగు చెమ్మగిల్లిందా, దండం పెట్టి పక్కకు జరుగుత.
బీరువ తలుపు మూడుసార్లు తీసి మూస్త,
మూడోసారి కిర్రుమంటే వంద తగ్గాలె.
స్టీలు గిన్నెను గోటితోటి మీటుత.
మందంది ఒక్క మాటంటది, ఊకుంటది.
పల్సటిది
మస్తు సేపు ముచ్చట పెడ్తది.

మా ఆయన కాంట్రాక్టు డంపర్ తోల్తడు.
మాకు క్వార్టర్ రాదు,
అప్పజెప్పే బాధ గూడ లేదు.
మా ఇంట్ల ఫ్యాను ఒక ఎలక్ట్రీషియన్‌ది,
ఇస్త్రీపెట్టె ఒక నర్సమ్మది,
మిక్సీ ఎవరిదో మర్చిపోయిన,
రెండో నంబరు మీద తిరగది గని
పుదీన సట్నీకి ఒకటో నంబరు సాలు.

మొన్న ఎనిమిదో ఇంక్లైన్ కాలనీల
ఓదెలన్న దిగిపోయిండు.
కొమురక్క గడప మీద కూసొని అమ్ముతాంది.
ధర చెప్పేటప్పుడు వస్తువు దిక్కు చూస్తలేదు.
స్టవ్వు నాలుగొందలన్నది.
"ఎడమ పొయ్యి మెల్లగ మండుతది,
పాలు దాని మీదనే పెట్టు, పొంగనియ్యది."
ఆ ఒక్క మాటకే యాభై ఎక్కువియ్యొచ్చు.
ఇయ్యలే.
మూడొందల యాభైకి తెంపిన.

ఇగ ఆ తాంబాళం.
గోటితోటి మీటిన, ముచ్చట మొదలువెట్టింది.
"ఏందక్కా, ఇది అప్పడం లెక్కున్నది,
దీనికి ఎనభయ్యా? నలభై చేసుకో" అన్న.
కొమురక్క నవ్వింది.
"మా రజిత పెండ్లిల ఎవడో పిసినారి సదివించిండు బిడ్డా.
ముప్పై ఏండ్లకు దగ్గరవడె,
ఇప్పటికీ సొట్ట మాత్రం పోలే."

సొట్ట ఎక్కడున్నదని ఎండకు తిప్పి చూసిన.
అంచు మీద చుక్కలు చుక్కలు కొట్టిన అచ్చరాలు:
చి.సౌ. రజిత పెండ్లికి,
ఆవుల గట్టయ్య, ట్రామర్.

మా నాయిన.

షిఫ్టు సైరన్ మోగింది.
నేను ఇంక తాంబాళం దించలే.
ఆ ఏడు మాకు కొత్త చెప్పులు రాలేదని యాదికొచ్చింది,
అదీ ఇదీ ఒక్క ఏడేనో కాదో తెల్వది.
గిన్నెల దుకాణంల ఎంతసేపు నిలవడ్డడో,
ఎన్నిటిని మీటి మీటి పక్కకు పెట్టిండో.
పల్సటిదని ఆయనకు తెల్వకుంట ఉంటదా,
నాకు మీటుడు నేర్పిందే ఆయన.
పేరు కొట్టించుటానికి మాత్రం
అచ్చరానికింత అని ఇయ్యనే ఇచ్చిండు,
"ట్రామర్" అనే మాట గూడ ఇడ్సిపెట్టలే.

ఎనభై తీసి చేతుల పెట్టిన.
కొమురక్కకు అనుమానమొచ్చింది.
"ఏమే స్వరూపా, పాణం బాగలేదా?"
"మంచిగనే ఉన్న, ఎండ కొడ్తాంది" అన్న.
పేరు సంగతి చెప్పలే.
చెప్తే ఆమె పైసలు తీసుకోదు,
ఆ పిసినారి మాటకు జన్మంత సిగ్గువడ్తది.

స్టవ్వు మంచిగ మండుతాంది,
ఎడమ పొయ్యి గురించి ఆమె చెప్పింది నిజమే.
తాంబాళం మా బియ్యం గంజుకు
కొలిచి చేయించినట్టు కూసున్నది.
గంజి వంపేటప్పుడు
పేరున్న దిక్కు మసిగుడ్డతోటి పట్టుకుంట.
ఆ చుక్కల మీద
గుడ్డ జారది.